లాగ్‌బుక్కులో ఖాళీగా మిగిలిన గడి

(ఒక స్కూబా డైవింగ్ క్లబ్బు కొత్త సభ్యుల స్వాగత సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

అధ్యక్షులవారు నన్ను పరిచయం చేస్తూ, నాలుగు వందల సార్లకు పైగా సముద్రంలో దిగిన మనిషి అని ఘనంగా చెప్పారు. ఆ అంకె నిజమే కాని, దాని వెనుక సిగ్గుపడవలసిన సంగతి ఒకటి ఉంది. ఈ పూట దానితోనే మొదలుపెడతాను.

నా చేతిలో ఉన్నది నా మొదటి లాగ్‌బుక్కు. డైవ్ చేసి పైకి వచ్చిన ప్రతిసారీ తేదీ, చోటు, ఎంత లోతుకు వెళ్ళాం, ఎన్ని నిమిషాలు ఉన్నాం, సిలిండరులో ఎంత గాలితో దిగి ఎంత గాలితో తేలాం అన్నవి ఇందులో పూరించాలి. అవన్నీ నేను బుద్ధిగా పూరించాను. అన్నిటికంటే చివర 'విశేషాలు' అని ఒక గడి ఉంటుంది. మొదటి ఏడేళ్ళలో ఆ గడిలో నేను రాసుకున్నది తిరగేస్తే 'బాగుంది', 'చాలా బాగుంది', 'చేపలు బోలెడు' అనే మూడు ముక్కలే పేజీ తరువాత పేజీలో కనిపిస్తాయి. ఒకచోట 'పెద్ద చేప' అని కూడా ఉంది. అది ఏ చేపో, ఎంత పెద్దదో, ఒకటే ఉందో పది ఉన్నాయో రాయలేదు.

ఆ రోజుల్లో మేము వారం వారం దిగిన సముద్రపు బండ దగ్గరికే ఇప్పుడూ వెళుతుంటాం. అక్కడ గ్రూపర్లనే పెద్ద చేపలు ఒకటి రెండు కంటపడితే ఆ రోజు మంచి రోజని అనుకుంటాం. అప్పట్లో ఇంతకంటే ఎక్కువ ఉండేవని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఎన్ని ఉండేవని ఎవరైనా అడిగితే మాత్రం చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు, ఎందుకంటే ఆ లెక్క ఉండవలసిన గడిలో 'బాగుంది' అని ఉంది.

సముద్ర సంరక్షణకు మన క్లబ్బు ఏం చేస్తోందో చెప్పమని నన్ను అడిగారు. మనం చేసే పనుల్లో ఫోటోలకు ఎక్కేవి కొన్ని ఉన్నాయి, ఎవరి కంటా పడనివి కొన్ని ఉన్నాయి. నా దృష్టిలో రెండో రకానివే విలువైనవి కనుక వాటి గురించే ఎక్కువసేపు మాట్లాడతాను.

ముందు చరిత్ర రెండు మాటల్లో. 1943లో ఫ్రాన్సులో జాక్ ఈవ్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ కలిసి ఆక్వా లంగ్‌ను రూపొందించారు. మనిషి పీల్చినప్పుడు మాత్రమే, చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి సరిపోయేటట్టు గాలిని అందించే ఆ రెగ్యులేటరు వల్లనే వినోదం కోసం డైవింగ్ చేయడం సామాన్యులకు సాధ్యమైంది. పదేళ్ళ తరువాత, 1953లో, బ్రిటిష్ సబ్ ఆక్వా క్లబ్ ఏర్పడింది. 1959లో ఏర్పడిన అంతర్జాతీయ డైవింగ్ సమాఖ్యకు కూస్తోయే తొలి అధ్యక్షుడు. ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. తొలినాటి క్లబ్బుల్లో చాలామంది నీళ్ళలోకి దిగింది బల్లెం పట్టుకుని చేపలను వేటాడడానికే, ఎంత పెద్ద చేపను పైకి తెస్తే అంత గొప్ప. ఇవాళ మనం చేపల లెక్కలు రాసే పలకలు పట్టుకుని దిగుతున్నామంటే, అందులో మన ముందు తరాల బాకీ తీర్చడం కూడా కొంత ఉంది.

ఇప్పుడు నా ఖాళీ గడి దగ్గరికి మళ్ళీ వస్తాను. డేనియల్ పౌలీ అనే మత్స్య శాస్త్రవేత్త 1995లో ఒక చిన్న వ్యాసం రాశారు. ప్రతి తరమూ తాను పని మొదలుపెట్టిన నాడు సముద్రం ఎలా ఉందో అదే దాని సహజ స్థితి అనుకుంటుందనీ, ఆ పైన జరిగిన నష్టాన్నే నష్టంగా లెక్క వేస్తుందనీ, తరువాతి తరం ఆ తరిగిపోయిన సముద్రాన్నే మళ్ళీ కొలబద్దగా పెట్టుకుంటుందనీ ఆయన వాదన. ఇది శాస్త్రవేత్తలకు ఎంత వర్తిస్తుందో మనకూ అంతే వర్తిస్తుంది. మీలో రేపు మొదటిసారి దిగేవారికి మన బండ అద్భుతంగానే కనిపిస్తుంది, అందులో మీ తప్పేమీ లేదు.

ఈ మాటకు నాకు తెలిసిన గట్టి రుజువు ఫ్లోరిడాలోని కీ వెస్ట్ నుంచి వచ్చింది. అక్కడ సరదాగా చేపల వేటకు వెళ్ళే పడవలవాళ్ళు, ఆ రోజు పట్టిన పెద్ద చేపలను రేవులో ఒక చెక్కకు వేలాడదీసి, పక్కన యాత్రికులను నిలబెట్టి ఫోటో తీయడం దశాబ్దాలుగా ఆనవాయితీ. లోరెన్ మెక్‌క్లెనాకన్ అనే పరిశోధకురాలు ఆ పాత ఫోటోలను సేకరించి, వాటిలోని చేపల పొడవును కొలిచి, దాన్నిబట్టి బరువు అంచనా వేసి, 2009లో ఫలితాలు ప్రచురించారు. 1956లో వేలాడిన చేప సగటు బరువు సుమారు 20 కిలోలు కాగా 2007 నాటికి అది 2.3 కిలోలకు పడిపోయింది. పాత ఫోటోల్లో మనిషి ఎత్తున్న గ్రూపర్లు, సొరచేపలు ఉంటే, కొత్త ఫోటోల్లో చిన్న చిన్న స్నాపర్ చేపలు ఉన్నాయి. ఫోటోలోని మనుషుల నవ్వు మాత్రం అన్నేళ్ళలో ఏమీ తగ్గినట్టు కనిపించదు. ఆ ఫోటోలు తీసినవారికి తాము శాస్త్రానికి పనికివచ్చే పని చేస్తున్నామన్న ఊహ కూడా ఉండి ఉండదు. ఏడాది తరువాత ఏడాది అదే రేవులో, అదే రకంగా తీస్తూ పోయారు, అంతే.

పరిశోధక నౌక ఒక చోటికి నాలుగేళ్ళకోసారి రావచ్చు, నిధులు దొరకకపోతే అసలు రాకపోవచ్చు. క్లబ్బు అలా కాదు, మనకు ఎలాగూ ఆదివారం తెల్లవారితే నీళ్ళలో పడాలని ఉంటుంది. ఆ పిచ్చిని కాస్త పద్ధతిలో పెడితే అది కొలత అవుతుంది.

మన సర్వే ఎలా జరుగుతుందో ఇప్పుడు వివరంగా చెబుతాను. మనం అనుసరించేది 1996లో మొదలైన రీఫ్ చెక్ పద్ధతిని. పగడపు దిబ్బ మీద ఒకే లోతులో 100 మీటర్ల టేపు పరుస్తాం. ఆ నూరు మీటర్లను 20 మీటర్ల చొప్పున నాలుగు ముక్కలుగా చూస్తాం, ముక్కకూ ముక్కకూ మధ్య ఐదు మీటర్లు వదిలేస్తాం. టేపు పరిచాక పదిహేను నిమిషాలు దూరంగా ఉండాలి. కొత్తవారికి ఈ భాగమే అన్నిటికంటే కష్టం. సిలిండరులో గాలి ఖర్చవుతుంటే ఊరికే వేలాడుతూ ఉండడమేమిటని నాకూ మొదట్లో విసుగు వచ్చేది. మనం టేపు లాగే హడావుడికి చెదిరిపోయిన చేపలు తిరిగి తమ చోట్లకు రావడానికి ఆ వ్యవధి అవసరం. నిజానికి ఆ పదిహేను నిమిషాల్లోనే సముద్రం మనల్ని పట్టించుకోవడం మానేస్తుంది. మొదట చిన్న డామ్సెల్ చేపలు కొమ్మల పగడాల్లోంచి తలలు బయటపెడతాయి, తరువాత చిలక చేపలు వచ్చి పగడాన్ని కొరుకుతున్న చప్పుడు కటకటమని వినిపిస్తుంది, జాగ్రత్త ఎక్కువైన గ్రూపరు అన్నిటికన్నా చివర వస్తుంది.

అప్పుడు ఇద్దరు టేపు వెంట నెమ్మదిగా కదులుతూ, టేపుకు ఇటు రెండున్నర మీటర్లు అటు రెండున్నర మీటర్లు మేరలో నిర్ణీత జాతుల చేపలను లెక్కపెడతారు. మరో ఇద్దరు ఒళ్ళంతా ముళ్ళుండే సముద్రపు అర్చిన్లు, రాక్షస ఆల్చిప్పలు, లాబ్‌స్టర్ల వంటి వాటిని చూస్తారు. చివరి జంట ప్రతి అర మీటరుకు ఒకసారి టేపు కింద సరిగ్గా ఏముందో రాస్తుంది. బతికున్న పగడమా, ఈమధ్యనే చచ్చిన పగడమా, నాచా, ఇసుకా, బండరాయా అని అలా మొత్తం 160 బిందువుల దగ్గర రాయాలి. 160 సార్లు ఇసుక, ఇసుక, నాచు, ఇసుక అని రాయడంలో సాహసమేమీ కనపడదని నాకు తెలుసు. తిరిగి వచ్చాక భోజనాల దగ్గర ఎవరూ ఆ కథ వినరు కూడా.

ఇంత కట్టుదిట్టమైన పనికి ఇంకా సిద్ధం కాని సభ్యులకు తేలిక పద్ధతి కూడా ఉంది. అమెరికాలో 1990లో స్థాపించిన రీఫ్ అనే సంస్థ వాడుకలోకి తెచ్చిన విధానంలో డైవరు తనకిష్టమైన దారిలో ఈదుతూ, గుర్తుపట్టగలిగిన ప్రతి జాతికీ ఒకటి, రెండు నుంచి పది, పదకొండు నుంచి వంద, వందకు పైన అనే నాలుగు తరగతుల్లో ఒకదాన్ని గుర్తిస్తాడు. కచ్చితంగా గుర్తుపట్టినవే రాయాలన్నది నియమం. అనుమానం ఉంటే వదిలేయాలి.

లెక్కల విషయంలో రెండు హెచ్చరికలు చేయాలి. నీటిలో మాస్కు గుండా చూసినప్పుడు కాంతి వక్రీభవనం వల్ల వస్తువు దాదాపు మూడో వంతు పెద్దదిగా, నాలుగో వంతు దగ్గరగా కనిపిస్తుంది. కాబట్టి నా లాగ్‌బుక్కులోని 'పెద్ద చేప' కూడా అంత పెద్దది కాకపోయి ఉండవచ్చు. అందుకనే సర్వేకు ముందు, తెలిసిన పొడవున్న ప్లాస్టిక్ గొట్టం ముక్కలను నీళ్ళలో అక్కడక్కడా ఉంచి, వాటి పొడవు ఊహించి రాయడం సాధన చేయిస్తాం. మొదటి రోజు అందరూ ఎక్కువే రాస్తారు.

రెండో హెచ్చరిక సున్నా గురించి. నలభై నిమిషాలు చలిలో వెతికి వచ్చినవాడికి పలక మీద 'గ్రూపర్లు: 0' అని రాయాలంటే చెయ్యి రాదు, ఖాళీగా వదిలేస్తాడు. ఖాళీ గడికి అర్థం ఏమిటి? చేప లేదనా, చూడలేదనా, చూసి రాయడం మరచిపోయాడనా? ఆరు నెలల తరువాత ఆ పలక చదివేవారికి తెలిసే దారి లేదు. వెతికాము, లేదు అని చెప్పేది సున్నా ఒక్కటే. మన రికార్డుల్లో నాకు అన్నిటికంటే ముద్దొచ్చేవి ఆ సున్నాలే.

ఇక అందరికీ ఇష్టమైన పని, వలలు తీయడం. తుఫానులో తెగిపోయో, బండకు చిక్కుకునో సముద్రంలో ఉండిపోయిన వలలను దయ్యపు వలలు అంటారు, ఎందుకంటే మనిషి లేకపోయినా అవి చేపలను పడుతూనే ఉంటాయి. చిక్కిన చేప చచ్చి ఎర అవుతుంది, దాన్ని తినవచ్చిన పీత చిక్కుతుంది, నైలాను కుళ్ళదు కనుక అలా ఏళ్ళ తరబడి సాగుతుంది. దీనికి జాలరులను నిందించడం మన సభ్యుల్లో కొందరికి అలవాటు. వల పోగొట్టుకుంటే మొదట నష్టపోయేది వాళ్ళే, కావాలని ఎవరూ వదులుకోరు. ఎక్కడ వల చిక్కిందో మనకు చెప్పేది కూడా చాలాసార్లు వాళ్ళే.

ఒక వల సంగతి చెబుతాను. 14 మీటర్ల లోతులో ఆకుపచ్చ నైలాను వల ఒకటి కొమ్మల పగడం మీద దుప్పటిలా పరుచుకుని ఉంది. ఆరుగురం దిగాం. ఇద్దరు మొద్దు మొన ఉన్న కత్తెరలతో కోస్తారు, ఇద్దరు కోసిన ముక్కలను చుట్టి సంచుల్లో పెడతారు, ఇద్దరు ఏమీ ముట్టుకోకుండా మిగతా నలుగురి గాలినీ, సమయాన్నీ, ఎవరి సామగ్రి అయినా వలకు తగులుకుంటోందా అన్నదాన్నీ చూస్తారు. ఒక ముడి దగ్గర పీత చిక్కుకుని ఉంది. దాని కాళ్ళు నాలుగింటికి నైలాను దారం బిగిసిపోయింది, ఒక డెక్క మాత్రం ఇంకా తెరుస్తూ మూస్తూ ఉంది. ఒక్కో పోగూ కత్తిరించి దాన్ని విడిపించడానికి మొత్తం పదకొండు నిమిషాలు పట్టింది. విడిపించిన నన్నే అది గిల్లి పోయింది. ఆ సంబరంలో నేను చేయకూడని పని చేశాను. పక్కన మిగిలిన ముక్క తేలికగానే వచ్చేస్తుందనుకుని, కోయకుండా చేత్తో లాగాను. చెయ్యంత పగడపు కొమ్మ వలతో పాటు విరిగి వచ్చింది. ఆ జాతి కొమ్మల పగడాలు ఏడాదికి పది సెంటీమీటర్లకు పైగా పెరగగలవు కనుక బతికాను. అదే గుండ్రని బండలాంటి పోరైట్స్ పగడమైతే ఏడాదికి ఒక సెంటీమీటరు పెరగడమే ఎక్కువ. ఇప్పటికే పగడం అల్లుకుపోయిన వల ముక్కలను అక్కడే కోసి వదిలేయాలన్న నియమం ఎందుకు ఉందో ఆ కొమ్మ చేతిలోకి వచ్చినప్పుడు నాకు అర్థమైంది.

బరువు పైకి తేవడం మీద మన క్లబ్బు మొండిగా ఉంటుంది. ఏడు కిలోలు దాటిన దేనికైనా లిఫ్ట్ బ్యాగు, అంటే గాలి నింపితే బరువును పైకి లేపే సంచి, వాడాలి, దానికి వేరే శిక్షణ ఉండాలి. 20 మీటర్ల లోతులో ఒత్తిడి ఉపరితలం మీద కంటే మూడింతలు. అక్కడ సంచిలోకి వదిలిన లీటరు గాలి పైకి వచ్చేసరికి మూడు లీటర్లవుతుంది. లీటరు గాలి సుమారు కిలో బరువును లేపుతుంది. అంటే సంచి పైకి వచ్చేకొద్దీ దాని బలమూ, వేగమూ పెరుగుతాయి. ఆ తాడు చేతికి చుట్టుకున్న మనిషిని కూడా అదే వేగంతో పైకి ఈడ్చుకుపోతుంది. మన ఊపిరితిత్తుల్లోని గాలీ అలాగే ఉబ్బుతుంది కనుక మనమేమో నిమిషానికి 9 మీటర్లు దాటకుండా తేలాలి, ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. చెత్త కోసం మనిషి ఊపిరితిత్తులను పణంగా పెట్టడం సంరక్షణ కాదు.

పైకి తెచ్చిన చెత్తను రకాలవారీగా విడదీసి, లెక్కపెట్టి, తూచి, డైవ్ చేసిన చోటుతో సహా నమోదు చేస్తాం. 2011లో ప్రాజెక్ట్ అవేర్ మొదలుపెట్టిన డైవ్ అగైనెస్ట్ డెబ్రీ కార్యక్రమం పద్ధతి ఇదే. నీళ్ళలో దిగని సభ్యులు, పిల్లలు, పెద్దవారు కూడా ఈ పనిలో నిక్షేపంగా పాల్గొంటారు, వారి లెక్కలే మా లెక్కల కంటే శుభ్రంగా ఉంటాయి. ఇక్కడ ఒక పిడకల వేట. ఏటా 6,40,000 టన్నుల వలలు సముద్రంలో పోతున్నాయని పోస్టర్ల మీద తరచు చూస్తారు. అది 1970ల నాటి పాత అంచనా ఒకదానిలో పదో వంతును లెక్కగట్టగా పుట్టిన అంకె. మన పోస్టర్ల మీద దాన్ని వేయవద్దని కమిటీలో పట్టుబట్టింది నేనే. మనం తూచిన వల బరువు మన దగ్గర ఉండగా అరువు అంకెలు ఎందుకు?

మంచి ఉద్దేశం ఒక్కటే చాలదనడానికి ఆస్బోర్న్ రీఫ్ ఉంది. 1970ల మొదట్లో ఫ్లోరిడా తీరంలో, చేపలకు కృత్రిమ ఆవాసం కడదామని, ఇరవై లక్షల దాకా పాత టైర్లను కట్టలు కట్టి సముద్రంలో వేశారు. స్వచ్ఛందంగా పడవలు వేసుకుని వచ్చి ఎంతోమంది ఆ పనికి చేయి కలిపారు. కట్లు తుప్పు పట్టి తెగిపోయాయి, టైర్లు అలలకు దొర్లుతూ పక్కనున్న సహజమైన పగడాలను ఒరిసి చంపాయి, టైర్ల మీద పగడం పెద్దగా పెరగనే లేదు. 2007లో అమెరికా సైనిక డైవర్లు దిగి వాటిని తీయడం మొదలుపెట్టవలసి వచ్చింది. పాత పడవో, సిమెంటు దిమ్మెలో ముంచుదామని మన దగ్గరకు ఏటా ఒక ప్రతిపాదన వస్తుంది. అనుమతి, అధ్యయనం, పదేళ్ళ తరువాత దాన్ని చూసే బాధ్యత ఎవరిది అన్న మూడు ప్రశ్నలు వేస్తే సాధారణంగా అక్కడే ఆగిపోతుంది.

పగడాలు తెల్లబారడం గురించి కూడా చెప్పాలి. వేసవి గరిష్ఠ ఉష్ణోగ్రత కంటే నీరు ఒక డిగ్రీ వేడెక్కి కొన్ని వారాలు అలాగే ఉంటే, పగడం తన కణజాలంలో ఉండి ఆహారమిచ్చే సూక్ష్మ శైవలాలను వదిలేస్తుంది, తెల్లని అస్థిపంజరం బయటపడుతుంది. తెల్లబడిన పగడం ఇంకా బతికే ఉంటుంది, నీరు త్వరగా చల్లబడితే కోలుకుంటుంది. ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి ఇది జరుగుతోందని 2024 ఏప్రిల్‌లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. దీన్ని మనం ఆపలేం. ఎప్పుడు మొదలైందో, ఏది కోలుకుందో, ఏది చచ్చిపోయిందో రాయగలం. క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన కోరల్‌వాచ్ రంగుల పట్టీని పగడం పక్కన పెట్టి, అత్యంత లేత రంగూ అత్యంత ముదురు రంగూ ఏ గడితో సరిపోతాయో రాసుకుంటాం. లోతుకు వెళ్ళేకొద్దీ నీరు ఎర్ర రంగును మింగేస్తుంది కనుక ఫోటోను నమ్మలేం, పట్టీ కూడా అవే నీళ్ళలో ఉంటుంది కనుక పోలిక నిలుస్తుంది.

కెమెరా అభిమానులు నొచ్చుకోవద్దు, వారికి వేరే పని ఉంది. వేల్ షార్క్ అనే భారీ సొరచేప ఒంటి మీద ఉండే చుక్కల అమరిక మన వేలిముద్రల్లాగా ఏ రెండింటికీ ఒకేలా ఉండదు. హబుల్ టెలిస్కోపు చిత్రాల్లోని నక్షత్రాలను పోల్చే గణిత పద్ధతినే తిప్పి ఆ చుక్కలను పోల్చడానికి వాడుతున్నారు. మొప్పల వెనుక ఎడమ పక్క నుంచి తీసిన ఒక్క స్పష్టమైన ఫోటో, తేదీ, చోటు చాలు. ఎదురుగా వెళ్ళి ముఖం తీసినది అందంగా ఉంటుంది, పనికిరాదు.

ఇవన్నీ చేయడానికి ముందు కావలసింది బాయన్సీ, అంటే నీటిలో మునగకుండా తేలకుండా ఉన్నచోట నిలవడం. ఊపిరి పీలిస్తే కొద్దిగా లేస్తాం, వదిలితే దిగుతాం, ఆ తేడాతోనే సర్దుకోవడం రావాలి. అది రానివాడు చేతులు ఆడిస్తాడు, మోకాళ్ళు దించుతాడు, కాళ్ళకు తొడిగిన ఫిన్స్‌తో ఇసుక లేపి పగడాల మీద పోస్తాడు. కెమెరా చేతిలో ఉంటే మరీ ప్రమాదం, ఎందుకంటే కళ్ళన్నీ దాని మీదే ఉంటాయి. అందుకే మన దగ్గర కొలనులో టేపు మీద అరచెయ్యి ఎత్తున ఐదు నిమిషాలు కదలకుండా నిలవనిదే సర్వేకు పంపం, కెమెరా ఇవ్వం. గ్లౌజులు కూడా వద్దంటాం, చేతికి గ్లౌజు ఉంటే దేన్నయినా పట్టుకోవాలనిపిస్తుంది. సన్‌స్క్రీన్ గురించి ప్రతి బృందమూ అడుగుతుంది. పగడాలకు హాని చేస్తుందన్న అనుమానంతో, ఆక్సీబెంజోన్ అనే రసాయనం ఉన్నవాటి అమ్మకాన్ని పసిఫిక్ ద్వీపదేశమైన పలావు 2020లో, హవాయి 2021లో ఆపాయి. వేడెక్కుతున్న నీటితో పోలిస్తే దాని వాటా ఎంతన్నది శాస్త్రవేత్తల మధ్య ఇంకా చర్చలోనే ఉంది. పొడుగు చేతుల చొక్కా వేసుకుంటే ఆ చర్చతో మనకు పని ఉండదు.

గాలి అనుకూలిస్తే ఈ ఆదివారమే టేపు పరుస్తున్నాం. కొత్తవారు లెక్కపెట్టరు, చూసేవారి వెనుక ఒక్కొక్కరు చొప్పున ఉండి, సాధన కోసం తమ పలక మీద విడిగా రాసుకుంటారు. పైకి వచ్చాక రెండు పలకలూ పక్కపక్కన పెట్టి చూద్దాం. పలకలు క్లబ్బు ఇస్తుంది. పెన్సిళ్ళు మాత్రం మీరే చెక్కుకుని రండి. పెన్ను నీళ్ళలో రాయదు.